ఎవరూ ఆటలో అరటిపండు కాకుండా: ఆటతో పాఠం నడిపే పద్ధతి

"ఆట ఆడించాం సార్, గోల తప్ప ఏమీ మిగల్లేదు." చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో టీ గ్లాసు పట్టుకుని తోటి ఉపాధ్యాయులు చెప్పే మాట ఇది. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "మరి మీరెలా ఆడిస్తారు, వరసగా చెప్పండి." వరసగానే చెబుతున్నాను. 36 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడు, ఒక నల్లబల్ల, గింజలూ గవ్వలూ తప్ప వేరే ఖర్చు లేని తరగతిని దృష్టిలో పెట్టుకుని రాశాను. మీ గదిలో పిల్లలు తక్కువైతే పని ఇంకా సులువు.

1. ముందు వంతుల లెక్క వేయండి

వీధిలో ఆడేటప్పుడు చిన్నవాడిని ఆటలో చేర్చుకున్నట్టే చేర్చుకుని, వాడిని లెక్కలోకి తీసుకోరు. వాడు "ఆటలో అరటిపండు". తరగతిలో మనం పెట్టే ఆటల్లో సగానికి పైగా పిల్లలు అరటిపండ్లే. మనకది కనపడదు, అంతే.

నేను మొదట్లో పెట్టింది అందరూ పెట్టేదే. తరగతిని రెండు జట్లు చేసి క్విజ్. పీరియడు అంతా హుషారుగా గడిచింది. బయటికొచ్చాక లెక్కేసుకుంటే 30 ప్రశ్నలకు జవాబులు చెప్పింది ఐదారుగురే. ఒకమ్మాయికి దక్కిన పని బల్ల మీద స్కోరు తుడిచి మళ్లీ రాయడం. ఆ అమ్మాయి ఆ రోజు నేర్చుకున్న లెక్క ఏదైనా ఉంటే అది మా స్కోరు కూడికే.

కాబట్టి ఏ ఆటనైనా తరగతిలోకి తెచ్చే ముందు కాగితం మీద ఈ లెక్క వేయండి:

- ఆటకు దొరికే అసలు సమయం ఎంత? (45 నిమిషాల్లో 20కి మించి ఆశించకండి.)
- ఒక వంతుకు ఎంత సేపు పడుతుంది?
- ఒక్కో పిల్లకు ఎన్ని వంతులు వస్తాయి?

తరగతి మొత్తానికి ఒకే ఆట, వంతుకు అర నిమిషం అనుకుంటే 20 నిమిషాల్లో 40 వంతులు. 36 మందికి పంచితే మనిషికి ఒకటి. అదే ఆట నలుగురేసి 9 జట్లుగా, ఇద్దరు ఒక పక్షం, ఇద్దరు ఒక పక్షంగా ఆడితే, అదే 20 నిమిషాల్లో ఒక్కో జంటకు 20 వంతులు. ఆట మార్చలేదు, ఖర్చు పెరగలేదు. ఒక్కో పిల్లకు పది వంతులు కూడా రాకపోతే నేను ఆ ఆటను పక్కన పెడతాను.

2. పాఠం ఎత్తులో ఉందా, గుమ్మం దగ్గరే ఆగిందా?

వైకుంఠపాళి పటం తెచ్చి, "ఎక్కం చెబితేనే పాచిక వెయ్యి" అంటాం. ఇందులో ఎక్కం గుమ్మం దగ్గర టికెట్టు. టికెట్టు చూపించాక పిల్లవాడి మనసు పాము మీద, నిచ్చెన మీద. వాటికీ ఎక్కానికీ సంబంధం లేదు. ఎక్కం వాడికి ఆటకు అడ్డొచ్చే పన్నులాంటిది.

దీనికి బదులు, ఏ ఎత్తు వేయాలో ఆలోచించడమే పాఠం అయ్యే ఆటను వెతకండి. పరీక్ష చిన్నది. ప్రశ్నలు తీసేసి ఆట ఆడండి. ఆట మామూలుగా నడిచిపోతే పాఠం బయటే ఉందన్నమాట. ప్రశ్న తీసేయగానే ఆట కూలిపోతే పాఠం లోపల ఉంది.

టికెట్టు ఆటలు పనికిరావని అనడం లేదు. శనివారం ఆఖరి పీరియడులో పునశ్చరణకు బాగానే ఉంటాయి. కొత్త విషయం అర్థం కావడానికి మాత్రం వాటి మీద ఆధారపడకండి.

3. సామాను సిద్ధం చేసుకోవడం

ఒక్కో జట్టుకు ఒక్కో సంచి. పాత చీర ముక్కతో కుట్టిన జోలె సంచులైతే రెండేళ్లు వస్తాయి. ప్లాస్టిక్ కవర్లు నెలకే చిరుగుతాయి, పైగా చప్పుడు. సంచి మీద అంకె, లోపల ఎన్ని వస్తువులు ఉండాలో రాసిన చీటీ.

సంచిలో ఉండాల్సినవి:

- చింతగింజలు 60 (వామనగుంటలకు 56, పోయేవాటికి 4)
- గవ్వలు 4, లేదా ఒకవైపు అరగదీసిన చింతగింజలు 4
- 0 నుంచి 9 దాకా అంకెల చీటీలు ఒక కట్ట
- ఒక సుద్దముక్క, తుడవడానికి గుడ్డముక్క

చింతగింజల్ని సిమెంటు గచ్చు మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీసే పని పిల్లలకే ఇవ్వండి. అరగదీసిన గింజ వేడెక్కుతుంది. దాన్ని పక్కవాడి చేతికి తాకించి చురుక్కుమనిపించడం తరతరాల సంప్రదాయం. ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఆగరనుకోండి, అయినా చెప్పండి.

గవ్వలు నేల మీద పడితే తొమ్మిది జట్ల చప్పుడు పక్క తరగతికి వినపడుతుంది. కింద తువ్వాలు పరిపించండి. సగం గోల అక్కడే తగ్గుతుంది.

ఒకటి, రెండు తరగతులకు గింజలు ఇవ్వకండి. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. వాళ్లకు పెద్ద సీసా మూతలు చాలు.

4. జట్లు కట్టడం

జట్లు ముందురోజే కాగితం మీద రాసుకోండి. "మీకు మీరే జట్లు కట్టుకోండి" అంటే పంటలేసుకోవడానికే పది నిమిషాలు పోతాయి, చివరికి ఎవరూ పిలవని ఇద్దరు మిగిలిపోతారు. ఆ ఇద్దరూ ప్రతిసారీ ఆ ఇద్దరే అవుతారు.

నేను పాటించే నియమాలు మూడు.

జంట అంటే ఇద్దరు కలిసి ఒక ఆటగాడు. ఏ ఎత్తయినా ఇద్దరూ ఒప్పుకున్నాకే వేయాలి. దీంతో నోట్లో మాట బయటికొస్తుంది: "అది కాదే, ఇది తీస్తే మూడులో పడుద్ది." మనకు కావాల్సింది ఆ మాటే.

జంటలో మరీ ముందున్న పిల్లనీ, మరీ వెనకున్న పిల్లనీ కలపవద్దు. ముందున్న పిల్ల ఆడేస్తుంది, రెండో పిల్ల అరటిపండు. ఒక మెట్టు తేడా ఉన్నవాళ్లను కలపండి.

గింజ చెయ్యి ఒకరిది, మాట ఇంకొకరిది. ఈ వంతుకు ఒకరు చెబితే రెండోవారు వేయాలి. తర్వాతి వంతుకు తిరగబడాలి. చెప్పడానికి చిన్న నియమమే గానీ, దీన్ని వదిలేసిన రోజున మిగతా రెండూ పనిచేయవు.

పిల్లల సంఖ్య నాలుగుతో భాగించబడకపోతే మిగిలినవాళ్లను సాక్షులుగా వేయండి. సాక్షి పని జట్టులో జరిగిన ఒక్కో ఎత్తునూ నోటుపుస్తకంలో రాయడం. పది నిమిషాలకొకసారి సాక్షి మారాలి.

5. పీరియడులో ఏది ముందు, ఏది తర్వాత

*మొదటి 6 నిమిషాలు: చూపించండి.* నియమాలు వివరించకండి, ఆడి చూపించండి. ఇద్దరు పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి, మిగతా అందరినీ చుట్టూ నిలబెట్టి, రెండు మూడు ఎత్తులు వేయించండి. బల్ల మీద మూడే మూడు నియమాలు రాయండి. నాలుగోది అవసరమైతే ఆట మధ్యలో వాళ్లే అడుగుతారు.

*తర్వాత 3 నిమిషాలు: ఉత్తుత్తి ఆట.* జట్లలో కూర్చున్నాక, లెక్కలోకి రాని ఆట ఒకటి. నియమం అర్థం కానివాళ్లు ఎవరో ఇక్కడే తెలుస్తుంది. సంచులు ఇంతకుముందే ఇస్తే మీ మాట ఎవరూ వినరు. చూపించడం అయిపోయాకే పంచండి.

*20 నిమిషాలు: అసలు ఆట.* ఈ సమయంలో మీ పని తిరగడం, వినడం. జవాబు చెప్పకండి. "ఎందుకు అక్కడేశారు?" అని మాత్రం అడగండి. చేతిలో చిన్న కాగితం ఉంచుకుని, మంచి ఎత్తు ఒకటి, తప్పు ఎత్తు రెండు రాసుకోండి. తర్వాత పనికొస్తాయి.

*10 నిమిషాలు: మాట్లాడించడం.* దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కోయకండి. సమయం తక్కువైతే ఆటను కోయండి.

*చివరి 6 నిమిషాలు:* నోటుపుస్తకంలో ఒక్క ప్రశ్న, గింజలు లెక్కపెట్టి సంచిలో వేయడం.

ఆట ఆపడానికి ఒక గుర్తు ముందే ఒప్పందం చేసుకోండి. అరవడం మొదలుపెడితే గోలలో మీ గొంతు ఇంకో గోల. నేను మూడు చప్పట్లు కొడతాను. విన్నవాళ్లు మూడు కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. మొదటి వారం దీన్ని ఆట లేకుండానే నాలుగైదు సార్లు సాధన చేయించండి.

6. వెంటనే ఆడించదగ్గ ఆటలు

6.1 మూడు గళ్ల ఆట (స్థాన విలువ, 2 నుంచి 5 తరగతులు)

దీనికి జట్లు కూడా అక్కర్లేదు, మొదటిసారి ఆడించేవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టండి. ప్రతి పిల్లా పలక మీద మూడు గళ్లు గీసి, పైన వందలు, పదులు, ఒకట్లు అని రాయాలి. పక్కన ఇంకో గడి, దాని పేరు చెత్తబుట్ట.

1. ఖాళీ సుద్దముక్కల డబ్బాలో 0 నుంచి 9 దాకా చీటీలు వేయండి.
2. ఒక చీటీ తీసి అంకె చెప్పండి. అందరూ ఆ అంకెను ఏదో ఒక గడిలో రాయాలి. రాశాక మార్చకూడదు.
3. తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేయకుండా ఇలా నాలుగుసార్లు. మూడు అంకెలు గళ్లలోకి, ఒకటి చెత్తబుట్టలోకి.
4. పెద్ద సంఖ్య వచ్చినవాళ్లు గెలిచినట్టు. చదివి వినిపించాలి.

మొదటి చీటీ 6 వచ్చిందనుకోండి. వందల్లో రాయాలా? 7, 8, 9 ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. పదుల్లో రాస్తే? ఇక్కడ పిల్లలు తల గోక్కుంటారు చూడండి, ఆ క్షణమే పాఠం. ప్రతి చీటీకీ తరగతిలో ప్రతి పిల్లకూ వంతు వచ్చినట్టే.

రెండో వారం నుంచి నియమం తిప్పండి. చిన్న సంఖ్య వచ్చినవాళ్లు గెలవాలి, లేదా 500కు దగ్గరగా ఉన్నవాళ్లు గెలవాలి. చిన్న సంఖ్య ఆటలో ఎవరో ఒకరు సున్నాను వందల్లో పెట్టి "045" అంటారు. అది మూడంకెల సంఖ్యేనా అని తరగతినే తేల్చమనండి. మీరు తీర్పు చెప్పకండి.

మోసం ఎక్కడ జరుగుతుందంటే, పలక మీద చెరిపి మళ్లీ రాయడం. ఇలాంటి తొండి ఆపడానికి పలక మాని నోటుపుస్తకంలో పెన్నుతో రాయించండి, అయిపోతుంది.

6.2 వామనగుంటలు, చెప్పి ఆడే పద్ధతి (కూడిక, శేషం, 3 నుంచి 6 తరగతులు)

కొందరు ఓమనగుంటలు అంటారు. 14 గుంటలు, ఏడేసి రెండు వరసలు. పీట అక్కర్లేదు, సుద్దతో నేల మీద గుండ్రాలు గీస్తే చాలు. గుంటకు 4 చొప్పున 56 గింజలు. ఇంట్లో అమ్మమ్మల దగ్గర ఆడే నియమాలు ఊరికో రకం. అవన్నీ పక్కన పెట్టి తరగతికి ఇవి మాత్రమే తీసుకోండి:

1. గుంటలకు 1 నుంచి 14 దాకా వరసగా, చుట్టూ తిరిగేలా అంకెలు వేయండి. 1 నుంచి 7 ఒక జంటవి, 8 నుంచి 14 రెండో జంటవి.
2. వంతు వచ్చిన జంట తమ గుంటల్లో ఒకటి ఎంచుకుని, గింజలు తీయకముందే "ఆఖరి గింజ ఫలానా గుంటలో పడుతుంది" అని చెప్పాలి.
3. గింజలు తీసి, పక్క గుంట నుంచి ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చెప్పిన గుంటలోనే ఆఖరిది పడితే ఆ గింజ వాళ్ల సొంతం.

మొదట్లో వేలితో ఒక్కో గుంటా తాకుతూ లెక్కపెడతారు. వద్దనకండి. కొన్ని ఎత్తులయ్యాక ఎవరో ఒకరు కనిపెడతారు: 3వ గుంటలో 5 ఉంటే 8లో పడుతుంది, కూడితే సరి. ఇంకాసేపటికి 12వ గుంటలో 5 వస్తాయి. 17 అంటారు, 17వ గుంట ఎక్కడ? ఆట ఆగుతుంది. ఆగనివ్వండి.

14 తీసేస్తే 3 అని వాళ్లంతట వాళ్లు పట్టుకునేదాకా పెదవి విప్పకండి. ఇది వాళ్లకు తెలిసిన లెక్కే. పది గంటలకు బస్సెక్కి ఐదు గంటలు ప్రయాణం చేస్తే ఎన్నింటికి దిగుతాం అంటే 15 అని ఎవరూ అనరు కదా. మాట్లాడించేటప్పుడు గడియారం ఊసెత్తితే ముడి పడుతుంది. ఆరో తరగతికైతే "2వ గుంటలో 45 గింజలుంటే?" అని నోటుపుస్తకంలో ఇవ్వండి. 47ను 14తో భాగించి శేషం 5 అని రాయాలి. గుంటలో అన్ని గింజలు పట్టవు కాబట్టి వేసి చూడ్డం కుదరదు, లెక్క చేయాల్సిందే.

ఒక చిక్కు ఉంది. తెలివైన జంట ఎప్పుడూ ఒక్క గింజ ఉన్న గుంటనే తీస్తుంది. పక్క గుంటలో పడుతుందని చెప్పడానికి లెక్క అక్కర్లేదు కదా. వాళ్లను తిట్టకండి, నియమంలోని కంత కనిపెట్టారు. మూడు కంటే తక్కువ గింజలున్న గుంట తీస్తే సరిగా చెప్పినా గింజ రాదని చేర్చండి. ఈ నియమాన్ని మీరు పెట్టేకంటే, ఓడిపోతున్న జంటతో పెట్టించగలిగితే ఇంకా మంచిది.

6.3 గొలుసు మాటలు (తెలుగు, 3 నుంచి 7 తరగతులు)

చివరి అక్షరంతో ఇంకో మాట. అందరికీ తెలిసిన ఆటే. కానీ తెలుగులో ఆడిస్తే మూడు నిమిషాల్లో ఇరుక్కుపోతుంది. ఎందుకో ముందే తెలుసుకుని నియమాలు కట్టుకోవాలి.

గుణింతం పట్టుబడితే ఆట చస్తుంది. "రాముడు" తర్వాత "డు"తో మొదలయ్యే మాట ఏ పిల్లకు దొరుకుతుంది? హల్లు ఒక్కటే చూడాలనండి: డబ్బు, డప్పు, డాబా ఏదైనా సరే.

సున్నాతో ముగిసే మాటలు కుప్పలు. "పుస్తకం" అంటే క తీసుకోవాలి. "పండగ" మామూలుగానే గ.

ఇక అసలు ఆయుధం ణ, ళ. వీటితో మొదలయ్యే తెలుగు మాట ఉండదు. "నీళ్ళు" అన్నామంటే ఎదుటివాళ్ల పని అయిపోయినట్టే. పిల్లలు ఇది కనిపెట్టిన రోజున కాళ్ళు, వేళ్ళు, గోళ్ళు, రాళ్ళు అని వరసపెడతారు. అది కూడా పదసంపదే, కాసేపు ఆనందించండి. తర్వాత నియమం: ళ బదులు ల, ణ బదులు న తీసుకోవచ్చు, అయితే అలా ఇరికించిన జంటకు ఒక మార్కు.

నోటితో కాకుండా కాగితం మీద ఆడించండి. నలుగురికీ ఒకే కాగితం, జంటలు మార్చి మార్చి రాయాలి. ఒత్తు తప్పు రాస్తే ఎదుటి జంట పట్టుకోవచ్చు, పట్టుకుంటే మార్కు వాళ్లది. మీరు ఎర్ర పెన్నుతో వంద దిద్దినా చూడని ఒత్తును, ఎదుటి జంట తప్పు పట్టినప్పుడు ఏడాదంతా గుర్తుంచుకుంటారు.

6.4 హౌసీ (ఏ తరగతికైనా పునశ్చరణకు)

బల్ల మీద 20 మాటలు రాయండి. పిల్లలు తొమ్మిది గళ్లు గీసుకుని, అందులోంచి తమకు నచ్చిన తొమ్మిది నింపుకుంటారు. మీరు మాట పిలవకూడదు, దాని ఆనవాలు పిలవాలి. బల్ల మీద "అగ్ని" ఉంటే మీరు "నిప్పు" అంటారు, "నష్టం" ఉంటే "లాభానికి వ్యతిరేకం" అంటారు. లెక్కల్లో బల్ల మీద 24 ఉంటే "8 మూడులు".

కొట్టేసిన మాట పక్కన ఎన్నో పిలుపుకు కొట్టారో అంకె వేయించండి. ఒక వరస గళ్లన్నీ కొట్టేసి "వరస" అని అరిచిన పిల్ల పుస్తకం చూస్తే 4వ పిలుపుకు ఏది కొట్టిందో అక్కడే ఉంటుంది. ఆట అయ్యాక ఆ పేజీలన్నీ చూసుకుంటే ఎవరికి ఏది రాదో చెప్పే పట్టికలా పనికొస్తుంది. పిలిచాక జవాబు బయటికి చెప్పకండి, పదంకెలు లెక్కపెట్టి తర్వాతి పిలుపుకు వెళ్లండి.

6.5 గవ్వల సంభావ్యత (9, 10 తరగతులు)

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తే 1, 2, 3, చెమ్మా 4, అష్టా 8 మాత్రమే పడతాయని పిల్లలకు తెలుసు. ఏది ఎక్కువ పడుతుంది అని ముందు చేతులెత్తించండి. తర్వాత 8 జట్లు, జట్టుకు 20 సార్లు, మొత్తం 160 సార్లు వేసి బల్ల మీద కలపండి.

గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే 16 పర్యవసానాల్లో 1కి 4, 2కి 6, 3కి 4, చెమ్మాకు 1, అష్టాకు 1. అంటే 160లో వరసగా 40, 60, 40, 10, 10 దగ్గర్లో రావాలి. మీ తరగతిలో ఇలా రాకపోవచ్చు. రాకపోతేనే పాఠం రసపట్టులో పడుతుంది. ఒక్క గవ్వను 50 సార్లు వేసి ఎటువైపు ఎన్నిసార్లు పడిందో రాయమనండి. నాణేనికీ గవ్వకూ తేడా చేతికి తెలుస్తుంది. అరగదీసిన చింతగింజలతో ఇంకోసారి చేస్తే ఇంకో లెక్క వస్తుంది.

7. ఆట ఆపాక ఏం అడగాలి

"ఎవరు గెలిచారు?" అని మొదట అడిగితే ఆ పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఆ ప్రశ్నను మింగేయండి. జేబులో రాసుకున్న కాగితం తీయండి.

- మీరు చూసిన తప్పు ఎత్తును పేరు చెప్పకుండా బల్ల మీద వేయండి. "ఇక్కడ మీరైతే ఏం చేస్తారు?"
- మంచి ఎత్తు వేసిన జంటను పిలిచి ఎందుకలా వేశారో చెప్పించండి. చెప్పలేకపోతే పక్క జంట సాయం పట్టొచ్చు.
- "గుంటలు 14 కాకుండా 10 ఉంటే?" లాంటి మార్పు ఒకటి అడగండి.

ఆ తర్వాతే నోటుపుస్తకంలో ప్రశ్న, గింజలు లేకుండా చేయాల్సింది. రెండు రోజుల తర్వాత అలాంటిదే ఇంకొకటి, ఏ ముందస్తు మాటా లేకుండా ఇవ్వండి. అప్పుడు చేయగలిగితే ఆట పనిచేసింది.

8. ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

గోల. గోల రెండు రకాలు. దగ్గరికెళ్లి వింటే "ఐదు కాదు, ఆరు" వినపడితే అది పని గోల, వదిలేయండి. "నా వంతు, నా వంతు" వినపడితే వంతులు తక్కువయ్యాయి, జట్టు చిన్నది చేయండి. పక్క గది టీచరుకు ముందురోజే చెప్పి ఉంచడం మర్యాద.

తొండి. తొండి ఎక్కువైందంటే బహుమతి పెద్దదైందన్నమాట. చాక్లెట్లు, పెన్సిళ్లు పెట్టకండి. గెలుపు లెక్క ఆ రోజుతో చెరిపేయండి. నెల పొడుగునా స్కోరు పట్టిక గోడకు పెడితే మొదటి వారంలోనే ఓడిన జంటకు మిగతా మూడు వారాలూ ఆడాలనిపించదు.

ఒక జట్టు ముందే ముగించడం. వాళ్లకు పనేమీ లేకపోతే పక్క జట్టు మీద పడతారు. "ఇదే ఆటలో ఒక నియమం మార్చి ఆడండి, మార్పు రాయండి" అని చెప్పి ఉంచండి. ఆ కాగితాల్లో మీ వచ్చేవారం ఆట దొరికినా దొరుకుతుంది.

ఏడుపు. మూడు, నాలుగు తరగతుల్లో ఓడితే ఏడుస్తారు. జంటగా ఆడిస్తే సగం తగ్గుతుంది. మిగతా సగానికి, 6.1లాంటి ఆటలో తరగతి మొత్తం కలిసి ఒక లక్ష్యం దాటాలనే నియమం పెట్టండి: అందరి సంఖ్యల్లో 700 దాటినవి 20 ఉండాలి.

రోజుకో కొత్త ఆట. ఇది పిల్లల తప్పు కాదు, మనదే. కొత్త ఆటలో మొదటి పీరియడు నియమాలకే పోతుంది. ఒకే ఆటను మూడు వారాలు, వారానికొక మార్పుతో ఆడించండి. ఏడాదికి ఐదారు ఆటలు చాలు.

9. ఒకే గదిలో రెండు తరగతులుంటే

చాలా ప్రాథమిక పాఠశాలల్లో పరిస్థితి ఇదే. అలవాటైన ఆటను ఒక తరగతికిచ్చి, రెండో తరగతికి పాఠం చెప్పవచ్చు. కొత్త ఆటను మాత్రం ఎప్పుడూ ఇలా మొదలుపెట్టకండి. పై తరగతి పిల్లల్ని కింది తరగతికి సాక్షులుగా వేస్తే ఇద్దరికీ పని. కానీ రోజూ వాళ్లనే వేస్తే వాళ్ల పాఠం పోతుంది.

ఫోన్ ఆటల గురించి ఒక్క మాట. పిల్లలందరి చేతికీ ఫోన్ కావాల్సిన కాహూట్ లాంటివి మన గదుల్లో కుదరవు. ప్లిక్కర్స్ అనే యాప్‌కు మీ ఒక్కరి ఫోన్ చాలు. అచ్చు వేసిన కార్డును పిల్లలు తమ జవాబును బట్టి నాలుగు వైపుల్లో ఒకవైపు తిప్పి పట్టుకుంటే, మీరు ఫోన్ కెమెరాతో గది మొత్తం చూపిస్తే ఎవరు ఏ జవాబిచ్చారో వస్తుంది. కార్డులు అట్టకు అంటించండి, లేకపోతే వంగిపోయి కెమెరాకు అందవు. అయితే ఇది కూడా టికెట్టు ఆటే, పునశ్చరణకు మాత్రమే.

10. ముందురోజు సాయంత్రం చూసుకోవాల్సినవి

- ఈ ఆటలో పిల్లకు పది వంతులైనా వస్తాయా?
- ప్రశ్నలు తీసేస్తే ఆట కూలిపోతుందా?
- ఆటను ఇంట్లో ఒకరితో, లేదా స్టాఫ్ రూములో తోటి టీచరుతో ఒక్కసారైనా ఆడి చూశానా?
- జంటల జాబితా రాశానా? గత వారం జంటలు మారాయా?
- బల్ల మీద రాసే మూడు నియమాలు ఏవి?
- ఆట అయ్యాక ఇచ్చే ఒక్క ప్రశ్న తయారుగా ఉందా?
- సంచుల్లో గింజలు సరిపోయాయా?

ఈ ఆఖరిది పిల్లలకే అప్పజెప్పండి. సంచి కట్టే ముందు జట్టు పదేసి కుప్పలు పోసి లెక్క చెప్పాలి. 60 రాకపోతే ఎన్ని తక్కువో చీటీ వెనక రాసి సంతకం పెట్టాలి. మా తరగతిలో ఎక్కువ వచ్చిన సంచులు కూడా ఉన్నాయి. ఎవరి జేబులోంచి చేరాయో నేను అడగలేదు.